సేబనా, బ్రయంటా, ఆస్బోర్నా: కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లకు ర్యాంకులు వేసే ముందు

2024 జనవరి 11. భోగికి ఇంకా మూడు రోజులుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్ల ట్యాంకు చూద్దామని మిద్దె ఎక్కితే మా బామ్మర్ది అక్కడ చలిలో ఫోన్ పట్టుకుని, తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అమెరికా నుంచి వచ్చి రెండు రోజులే అయింది కదా, నిద్ర పట్టలేదేమో అనుకున్నా. "బావా, సేబన్ మానేసినాడు" అన్నాడు. ఎవరో వాళ్ల ఆఫీసు మేనేజర్ కాబోలు అనుకుని, "పోతే పోనీలేరా, ఇంకొకడు వస్తాడు" అన్నా. ఆ మాటకు వాడు నన్ను చూసిన చూపు ఇంతవరకూ మర్చిపోలేదు.

మావాడు ఉండేది అలబామా రాష్ట్రంలో, బర్మింగ్‌హామ్‌లో. నిక్ సేబన్ అంటే అక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్. ఆ సాయంత్రమే నా పాత స్టూడెంట్ ఒకడు, నెబ్రాస్కాలో లింకన్ అనే ఊళ్లో ఉద్యోగం, పండక్కి చిత్తూరు వచ్చి నన్ను చూసిపోదామని తిరుపతి వచ్చాడు. అక్కడి నెబ్రాస్కా యూనివర్సిటీ పాత కోచ్ టామ్ ఆస్బోర్న్ వాడికి దేవుడు. ఇద్దరూ మిద్దె మీద ఎదురెదురు కూర్చున్నారు, మా ఆవిడ బొరుగుల మసాలా కలిపి పెద్ద స్టీలు పళ్లెంలో పెట్టి పంపింది, ఎవరు గొప్ప కోచ్ అని మొదలైన మాట రాత్రి పదకొండు దాకా నడిచింది, చివరికి ఇద్దరి గొంతూ పోయింది కానీ సంగతి మాత్రం మొదలుపెట్టిన చోటే ఉంది.

నాకు ఆ ఆట తెలియదు గానీ ర్యాంకుల గొడవ మాత్రం బాగా తెలుసు. బైరాగిపట్టెడలో ఒక కోచింగ్ సెంటర్లో పందొమ్మిదేళ్లు ఎంసెట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. కాబట్టి ఆ వారం రోజులు వాళ్లిద్దరి మధ్య కూర్చుని, తర్వాత నా అంతట నేను చదువుకుని, ఈ వాదన ఎలా చేస్తే ఎక్కడికైనా చేరుతుందో ఒక పద్ధతి పెట్టుకున్నా. మీ ఇంట్లో కూడా అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇట్లాగే కొట్టుకుంటుంటే పనికొస్తుంది.

ముందు ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం, విసరడం. ఒక్కో పక్క 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత బంతిని రెండు కంబాల మధ్య నుంచి తంతే ఇంకో పాయింటు, తన్నకుండా మళ్లీ గీత దాటిస్తే రెండు. ఈ ఒకటి, రెండు సంగతి గుర్తు పెట్టుకోండి, కింద పెద్ద కథ ఉంది. కాలేజీ పిల్లల ఆటే కదా అని తీసిపారేయొద్దు, అలబామా స్టేడియంలో లక్ష మంది పడతారు, చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం తరఫున అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరో వీసీనో కాదు, కోచే. పిల్లలు మూడు నాలుగేళ్లు ఆడి వెళ్లిపోతారు, మన ఇంటర్ బ్యాచ్‌లలాగే. ఏళ్ల తరబడి అక్కడ ఉండిపోయేది కోచ్ ఒక్కడే. అందుకే అక్కడ కోచ్ పేరుకు అంత బరువు.

పేర్లు ఎత్తకముందే కొలత

రెండో రోజు ఇద్దరి చేతికీ పాత క్యాలెండర్ కాగితం చింపి ఇచ్చా. "పేర్లు రాయొద్దు. గొప్ప కోచ్ అనిపించుకోవాలంటే ఏం చేసుండాలో మూడు మాటలు రాయండి" అన్నా. మా బామ్మర్ది టక్కున రాసిచ్చాడు: టైటిళ్లు, టైటిళ్లు, టైటిళ్లు. మావాడు, అంటే స్టూడెంటు, కాసేపు పెన్ను నమిలి రాశాడు: నిలకడ, ఒకే చోట ఉండడం, కుర్రాళ్ల చదువు. చూశారా, ముందురోజు ఐదు గంటలు వీళ్లు ఒకే ప్రశ్న మీద కొట్టుకోనేలేదు. ఒకడు దూరం కొలుస్తున్నాడు, ఇంకొకడు బరువు తూస్తున్నాడు.

కాబట్టి మొదటి పని ఇదే. 100 మార్కులు తీసుకుని దేనికి ఎన్నో ముందే పంచుకోండి. టైటిళ్లకెన్ని, గెలుపు శాతానికెన్ని, ఎన్నేళ్లు నిలిచాడన్నదానికెన్ని, చేతికి అందినదాంతో ఏం చేశాడన్నదానికెన్ని. నేను ఈ చివరిదానికి 40 వేస్తాను, ఎందుకో తర్వాత చెప్తా. మీరు వేరేగా వేసుకోండి, తప్పేం లేదు. కానీ పేర్లు బయటికొచ్చాక మార్కులు మార్చకూడదు, ఇది మాత్రం గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే మావాళ్లు ఇద్దరూ మార్చడానికి చూశారు. తనవాడు వెనకబడుతున్నాడని తెలియగానే "బావా, టైటిళ్లకు ఇంకో పది పెంచుదాం" అంటాడు బామ్మర్ది, ఏదో కూరగాయల బేరం చేసినట్టు.

టైటిల్ అంటే ఏమిటో విప్పి చూడండి

ఇక్కడ కాస్త నిలబడాలి. సేబన్‌కు ఏడు నేషనల్ టైటిళ్లు: 2003లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)తో ఒకటి, అలబామాతో 2009, 2011, 2012, 2015, 2017, 2020. అదే అలబామాలో ఆయనకు ముందు తరంలో దేవుడు బేర్ బ్రయంట్, ఆయనకు ఆరు: 1961, 1964, 1965, 1973, 1978, 1979. ఏడు పెద్దదా, ఆరు పెద్దదా అంటే ఒకటో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు. అంత తేలిక కాదు.

ఎందుకంటే పెద్ద కాలేజీల డివిజన్లో చాలాకాలం ఫైనల్ అనేదే లేదు. టైటిల్ అంటే ఓటు. 1936 నుంచి ఏపీ, అంటే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తరఫున స్పోర్ట్స్ విలేఖర్లు ఓటు వేసేవాళ్లు, 1950 నుంచి కోచ్‌లు వేరేగా ఇంకో ఓటు. 1998లో బీసీఎస్ అనే పద్ధతి వచ్చాకే మొదటి రెండు టీములను కట్టగట్టి ఒక ఆట ఆడించడం స్థిరపడింది. 2014లో నాలుగు టీముల ప్లేఆఫ్, 2024 నుంచి పన్నెండు టీములు. కాబట్టి బ్రయంట్ టైటిల్‌నూ సేబన్ టైటిల్‌నూ పక్కపక్కన పెట్టడమంటే ఎన్నికల్లో గెలిచినవాణ్ణీ పరీక్షలో ఫస్టు వచ్చినవాణ్ణీ పక్కపక్కన పెట్టడమే.

1973 చూడండి. అలబామా 11 ఆటలూ గెలిచింది. కోచ్‌ల ఓటు డిసెంబరులోనే అయిపోయేది, సంవత్సరం చివర జరిగే బౌల్ ఆటలకు ముందే. అలబామాకు టైటిల్ ఇచ్చేశారు. తర్వాత డిసెంబరు 31న షుగర్ బౌల్‌లో నోటర్‌డామ్ యూనివర్సిటీ చేతిలో 24-23తో ఓడింది. ఏపీవాళ్లు ఆట అయ్యాక ఓటేశారు కాబట్టి టైటిల్ నోటర్‌డామ్‌కు ఇచ్చారు. ఇద్దరూ చాంపియన్లే! మరుసటి ఏడాది నుంచి కోచ్‌ల ఓటు కూడా బౌల్ ఆటల తర్వాతకు మార్చారు. ఇది చెప్పగానే నా స్టూడెంటు ఎగిరి గంతేశాడు, బ్రయంట్‌కు ఒకటి కొట్టేయమని. ఆగు నాయనా, 1966 సంగతి? ఆ ఏడు అలబామా 11కి 11 గెలిచింది, ఒక్కటి ఓడలేదు, ఒక్కటి డ్రా లేదు. నోటర్‌డామ్, మిషిగన్ స్టేట్ రెండూ ఒకదానితో ఒకటి ఆడి 10-10 డ్రా చేసుకున్నాయి. ఓట్లలో ఆ రెండూ ఒకటి, రెండు, అలబామా మూడు. కొట్టేసేవాడివి కలపవద్దా మరి?

సేబన్ ఏడూ కడిగిన ముత్యాలేమీ కావు. 2003లో ఏపీ ఓటు యూఎస్‌సీకి, అంటే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి పోయింది, ఎల్‌ఎస్‌యూకు వచ్చింది సగమే అని అటువైపువాళ్లు ఇప్పటికీ అంటారు. 2011లో అలబామా తన కాన్ఫరెన్సులో (అంటే కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగులో) సొంత గ్రూపు కూడా గెలవలేదు, ఎల్‌ఎస్‌యూ చేతిలో 9-6తో ఓడింది, అయినా ఫైనల్‌కు వెళ్లి అదే ఎల్‌ఎస్‌యూను 21-0తో కొట్టింది. మా బామ్మర్దికి ఈ రెండో ముక్క మాత్రమే గుర్తుంటుంది.

ఇంకో తమాషా. అలబామా తన గోడ మీద రాసుకున్న టైటిళ్లలో 1941 కూడా ఉంది. ఆ ఏడాది ఏపీ ఓటులో ఆ టీము 20వ స్థానం. ఏదో ఒక లెక్కల పద్ధతిలో మొదటి స్థానం వచ్చిందట, అంతే, రాసేసుకున్నారు. నాకు నవ్వొచ్చింది కానీ ఆశ్చర్యం రాలేదు. ర్యాంకులు వచ్చిన మర్నాడు మా ఊళ్లో ఏ పేపరు తెరిచినా ఒకే పిల్లాడి ఫొటో మూడు సంస్థల ప్రకటనల్లో కనపడటం చూసినవాణ్ణి. ఒకరి దగ్గర ఇంటర్, ఒకరి దగ్గర చివరి నెల టెస్ట్ సిరీస్, మూడోవాళ్ల దగ్గర ఒక్కరోజు మాక్ టెస్ట్. వాడు ముగ్గురి స్టూడెంటే మరి. అందుకే టైటిల్ అనగానే "ఎవరు ఇచ్చింది?" అని అడగండి. సగం వాదన అక్కడే తేలుతుంది.

శాతం లెక్క, రెండు నిమిషాల పని

గెలుపులకు ఒకటి, డ్రాకు అర, మొత్తం ఆటలతో భాగించండి. 1996లో అదనపు సమయం వచ్చేదాకా డ్రాలు ఉండేవి, అందుకే ఆ అర. నోటర్‌డామ్ కోచ్ నూట్ రాక్నీ: 105 గెలుపులు, 12 ఓటములు, 5 డ్రాలు. 107.5 ని 122 తో భాగిస్తే 88.1 శాతం. ఆస్బోర్న్: 255, 49, 3, అంటే 83.5 దాకా. సేబన్ రికార్డుల్లో ఉన్న లెక్క 292, 71, 1, అంటే 80 దాటి కొంచెం. బ్రయంట్: 323, 85, 17, సరిగ్గా 78.

శాతమే కొలబద్ద అయితే రాక్నీ మొదటివాడు, లేచి ఇంటికి పోవచ్చు. కానీ ఆయన కోచ్‌గా ఉన్నది 13 సీజన్లు, 1931 మార్చిలో విమాన ప్రమాదంలో పోయాడు. ముసలితనంలో టీము పలచబడి ఓడిపోయే ఏళ్లు ఆయన లెక్కలోకి రానేలేదు. తక్కువ ఆటలకు శాతం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. దీనికి 15 మార్కులు మించి వేయను.

కుర్చీ పరీక్ష

ఇదిగో, 40 మార్కులన్నది దీనికే.

మా ఊళ్లో పద్ధతి మీకు తెలిసిందే. పదో తరగతి ఫలితాలు రాగానే మంచి మార్కులు వచ్చిన పిల్లల ఇళ్లకు పెద్ద కాలేజీల పీఆర్వోలు క్యూ కడతారు, ఫీజు లేదు, హాస్టల్ ఉచితం అని. రెండేళ్ల తర్వాత వాళ్లకే ర్యాంకులొస్తాయి, ఆ గొప్ప కాలేజీది అంటారు. నేను పనిచేసిన సెంటర్లో ఒకసారి యాజమాన్యం సెక్షన్లు విడగొట్టి ఏరిన పిల్లలందరినీ ఒక సారుకు ఇచ్చింది, లాంగ్ టర్మ్‌లో రెండోసారి రాసేవాళ్లను నాకిచ్చింది. ఏడాది చివర ఆయనకు సన్మానం, నాకు మెమో. నా సెక్షన్లో లక్ష దాటిన ర్యాంకు నుంచి పదివేల లోపలికి వచ్చిన పిల్లలున్నారు, వాళ్ల ఫొటో ఎవరూ వెయ్యలేదు. ఆ మంట నాకు ఇంకా ఉంది, దాచుకోను. అందుకే కోచ్ అనగానే నేను ముందు అడిగేది, ఆయన కూర్చున్న కుర్చీలో ఆయనకు ముందు ఎవరున్నారు, ఏం సాధించారు, ఆయన లేచాక ఏమైంది అని.

ఈ మాట అనగానే స్టూడెంటు గబుక్కున, "అయితే సార్, సేబన్ పని అయిపోయినట్టే, దేశంలో ఏరిన కుర్రాళ్లంతా ఆయనకే కదా" అన్నాడు. నిజమే, రిక్రూటింగ్ జాబితాల్లో చాలా ఏళ్లు అలబామాదే పైచెయ్యి. కానీ అక్కడ మన పీఆర్వోలాంటివాడు వేరే లేడు. కోచే స్వయంగా కుర్రాడి ఇంటికి పోయి, సోఫాలో కూర్చుని, వాళ్లమ్మ పెట్టింది తిని, మీవాణ్ణి నాకివ్వండి అని అడగాలి. ఏరడం కూడా ఆయన పనిలో భాగమే. నేను కోచింగ్ సెంటర్ కోపాన్ని సేబన్ మీద చూపించకూడదు కదా!

కుర్చీ చూద్దాం. సేబన్‌కు ముందు నాలుగేళ్లు, అదే స్టేడియం, అదే డబ్బు, అదే ఎర్రచొక్కా, మైక్ షూలా 26 గెలిచి 23 ఓడాడు. 2007లో సేబన్ వచ్చాడు, మొదటి ఏడు 7 గెలిచి 6 ఓడాడు, అందులో లూసియానా-మన్రో అనే చిన్న టీము చేతిలో సొంతగడ్డ మీద ఓటమి. మూడో ఏడు 14కి 14, టైటిల్. ఆయన లేచాక మొదటి ఏడు, 2024లో, అదే కుర్చీలో 9 గెలుపులు, 4 ఓటములు. తేడా కంటికి కనపడుతోంది.

బ్రయంట్ కుర్చీ ఇంకా పాడుబడినది. ఆయనకు ముందు మూడేళ్లలో అలబామా గెలిచింది 4, ఓడింది 24. 1958లో ఆయన వచ్చిన మొదటి ఏడాదే 5 గెలిచాడు, 1961కి చాంపియన్. ఇది నాకు సేబన్ చేసినదానికంటే బరువుగానే తోస్తుంది.

ఆస్బోర్న్ దగ్గర మావాడు ఇరుకున పడ్డాడు. ఆయనకు ముందు నెబ్రాస్కా కుర్చీలో ఉన్న బాబ్ డెవానీ 1970, 1971 వరసగా టైటిళ్లు తెచ్చి అప్పజెప్పి పోయాడు. పొయ్యి మీద కుండ ఉడుకుతుండగా గరిటె అందుకున్నట్టు. కానీ లేచాక చూస్తే ఆస్బోర్న్ బలం తెలుస్తుంది: 1999 తర్వాత నెబ్రాస్కా తన కాన్ఫరెన్సు టైటిల్ ఒక్కటి కూడా గెలవలేదు. 25 సీజన్లు, ఒక్క ఏడు కూడా 9 గెలుపులకు తగ్గలేదు, చివరి ఐదేళ్లలో 60 గెలిచి 3 ఓడాడు. అంత ఎత్తున కుండను పాతికేళ్లు చల్లారనివ్వకపోవడం కూడా తేలికేం కాదు.

ఇక నా మనిషి బిల్ స్నైడర్. మావాళ్లిద్దరూ అతని పేరే ఎత్తలేదు, నేనే వెతికి పట్టుకున్నా. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ కోచ్. ఆయన రాకముందు రెండు సీజన్లు, 1987, 1988, ఆ టీము ఒక్కటంటే ఒక్క ఆట గెలవలేదు. ఓడిన ఆటల లెక్కలో 500 దాటిన మొదటి పెద్ద కాలేజీ అదే. 1989లో స్నైడర్ వచ్చి మొదటి ఏడు గెలిచింది ఒకటి. 1997లో 11 గెలిచాడు. 1998లో వరసగా 11 గెలిచి, ఇంకొక్క ఆట గెలిస్తే నేషనల్ ఫైనల్ అన్నచోట టెక్సస్ ఏ అండ్ ఎంతో రెండు అదనపు సమయాలదాకా పోయి ఓడాడు. 2005లో రిటైరయ్యాడు, మళ్లీ టీము జారింది, 2009లో పిలిచి కూర్చోబెట్టారు, 2012లో కాన్ఫరెన్సు గెలిచాడు. కుర్చీ పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ పాసైన మనిషి. నేషనల్ టైటిళ్లు సున్నా. ఆయన ఫొటో కూడా పెద్దగా ఎవరూ వెయ్యరు. లాంగ్ టర్మ్ సెక్షన్ సారు.

మీవాడి మచ్చ మీరే చెప్పాలి

వాదనలో ఇది నేను పెట్టిన రూలు, మా ఇంట్లో బాగా పనిచేసింది. ఎవరి పేరు ఎత్తితే వాళ్లు ముందు తమ కోచ్ చేసిన ఘోరమైన తప్పు లేదా ఓటమి ఒకటి తామే వివరంగా చెప్పాలి. ఆ తర్వాతే పొగడొచ్చు. మనిషి గొంతు అక్కడే మారిపోతుంది, చూడండి.

మా బామ్మర్ది 2013 నవంబరు 30 ఎత్తుకున్నాడు. ఆబర్న్‌తో ఆట, 28-28, సమయం అయిపోయింది. సేబనే పట్టుబట్టి గడియారంలో ఒక్క సెకను వెనక్కి పెట్టించాడు. ఆ సెకనులో 57 గజాల నుంచి బంతిని తన్నించాడు. అది పొట్టిపడింది, ఆబర్న్ కుర్రాడు దాన్ని తన చివరి గీత దగ్గర పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తాడు. ఆట పోయింది. "అడిగి తెచ్చుకున్న సెకను బావా" అని మావాడు బొరుగుల పళ్లెం వైపు చూస్తూ ఊరుకున్నాడు.

స్టూడెంటు చెప్పింది నాకు ఇంకా నచ్చింది. 1984 జనవరి 2, ఆరెంజ్ బౌల్. నెబ్రాస్కా అప్పటిదాకా 12కి 12. మయామీ ఎదురు. వెనకబడి, వెనకబడి, ఆఖర్న 48 సెకన్లుండగా టచ్‌డౌన్ కొట్టారు, 31-30. ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి పైన చెప్పిన ఒకటి, రెండు. బంతిని తంతే ఒక పాయింటు, డ్రా, ఓటమి లేదు కాబట్టి ఓట్లలో టైటిల్ దాదాపు ఖాయం. అప్పటికి పదకొండేళ్లుగా కోచ్‌గా ఉండి ఒక్క టైటిల్ లేనివాడు ఆస్బోర్న్. తన్నలేదు. గెలవడానికే ఆడమన్నాడు. పాస్ విసిరారు, మయామీ ఆటగాడి వేలికి తగిలి కింద పడింది. టైటిల్ మయామీకి. ఆస్బోర్న్ మొదటి టైటిల్ కోసం 1994 దాకా ఆగాల్సి వచ్చింది.

"తప్పు చేసినాడంటావా?" అని అడిగా. "తప్పే సార్" అన్నాడు, ఒక నిమిషం ఆగి, "కానీ లింకన్‌లో ముసలోళ్లు ఆ తప్పు చెప్పేటప్పుడు గర్వంగా చెప్తారు సార్." మా బామ్మర్ది కూడా ఏమీ అనలేదు. ఐదు గంటల అరుపుల్లో రానిది ఈ రెండు కథలతో వచ్చింది. ఒకడి కోచ్ మీద ఇంకొకడికి గౌరవం.

తోతాపురి, బేనీషా

కాలం తేడాలు ఎక్కువ లాగొద్దు, రెండు చాలు. 1973 దాకా టీముకు ఎన్ని స్కాలర్‌షిప్పులన్న దానికి దేశమంతటికీ ఒక పరిమితి లేదు, డబ్బున్న కాలేజీ ఎంతమందినైనా తీసుకుని కూర్చోబెట్టుకునేది, అవతలివాడికి దక్కకపోతే చాలని. 1992 నుంచి సేబన్ ఉన్నంతకాలం 85. అంటే సేబన్ కంటే బ్రయంట్ చేతిలో తాడు పొడుగు. ఇటు సేబన్‌కు ఆటలు ఎక్కువ, అలబామాలో సీజన్‌కు 13 నుంచి 15 దాకా ఆడాడు, రాక్నీ ఆడింది ఎక్కువగా తొమ్మిదీ పదీ. సరి.

అసలు చిక్కు డివిజన్లది. అందరికంటే ఎక్కువ గెలిచినవాడు సేబనూ కాదు బ్రయంటూ కాదు, మినెసోటాలో సెయింట్ జాన్స్ అనే చిన్న కాలేజీ కోచ్ జాన్ గలార్డీ, 489. స్కాలర్‌షిప్పులే ఉండని మూడో డివిజన్. ప్రాక్టీసులో ఒకరినొకరు గుద్దుకోవడం లేదు, విజిల్ లేదు, కోచ్ అని కూడా పిలవొద్దు, జాన్ అనండి చాలు అనేవాడట. నాకు భలే నచ్చాడు. కానీ దామలచెరువు మండీలో తోతాపురినీ బేనీషానూ ఒకే గుట్టలో పోయరు. ఒకటి గుజ్జు ఫ్యాక్టరీకి టన్నుల్లో పోతుంది, ఇంకొకటి పెట్టెల్లో పోతుంది, దేని ధర దానిదే. గలార్డీకి వేరే గుట్ట.

ఎడ్డీ రాబిన్సన్‌ను కూడా ఆ గుట్టలోనే వేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. లూసియానాలో గ్రాంబ్లింగ్ అనే నల్లజాతివాళ్ల చిన్న కాలేజీ, 1941లో 22 ఏళ్లకు కోచ్ అయ్యాడు, 1997 దాకా అక్కడే. 408 గెలుపులు, 165 ఓటములు, 15 డ్రాలు. రెండో ఏడే 9కి 9 గెలిచాడు, ఆ సీజన్ మొత్తం ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు ఇవ్వలేదు. 200 మందికి పైగా ఆయన పిల్లలు ప్రొఫెషనల్ ఆటకు వెళ్లారు, ఆ ప్రొఫెషనల్ ఆట ఫైనలైన సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (టీమును నడిపిస్తూ బంతి విసిరేవాడు) డగ్ విలియమ్స్ ఆయన దగ్గర ఆడినవాడే. 1985లో బ్రయంట్ పేరిట ఉన్న 323 గెలుపులను దాటేశాడు. ఆయన పెద్ద టీములతో ఆడలేదంటారు. ఆడనిచ్చిందెవరు? అలబామా మొదటిసారి నల్లజాతి కుర్రాడికి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పు ఇచ్చింది 1970లో. అప్పటికి రాబిన్సన్ కోచింగ్ మొదలుపెట్టి ముప్పై ఏళ్లు కావస్తోంది. గలార్డీది ఆట తీరు వేరు కాబట్టి వేరే గుట్ట, రాబిన్సన్‌ను మండీ గేటు బయట నిలబెట్టారు. రెండూ ఒకటి కావు.

మైదానం బయటి సంగతి వస్తుంది, తప్పదు. పెన్ స్టేట్‌లో జో పటర్నోకు 409 గెలుపులు. ఆయన దగ్గర ఏళ్లతరబడి అసిస్టెంటుగా చేసిన శాండస్కీ చిన్నపిల్లల మీద లైంగిక దాడుల కేసులో 2012లో దోషిగా తేలాడు, అంతకుముందే 2011 నవంబరులో పటర్నోను తీసేశారు, తెలిసీ చేయాల్సినంత చేయలేదని. 111 గెలుపులు లెక్కలోంచి తీసేశారు, 2015లో మళ్లీ ఇచ్చారు. తీసినా ఇచ్చినా ఆ ఆటలు జరగకుండా పోవు, ఆ పిల్లలకు జరిగిందీ పోదు. ఇది మార్కులు తగ్గించే విషయమా, జాబితాలోంచే తీసేసే విషయమా అన్నది మొదటి రోజే, కొలతలు రాసుకునేటప్పుడే తేల్చుకోండి. మేము తీసేశాం. ముగ్గురం ఒప్పుకున్నది అదొక్కటే.

ఇంకా పనిచేస్తున్నవాళ్లను తేవొద్దు, కర్బీ స్మార్ట్ రెండు టైటిళ్లు అంటూ ఎవడో ఒకడు మొదలుపెడతాడు. పరీక్ష రాస్తుండగా పేపరు దిద్దరు.

ఆఖరున ఒకటి నుంచి పది దాకా వరస వేయకండి, నాలుగో స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య ఏం తేడా ఉందో దేవుడికే తెలియాలి. క్లాసులో లాగా బెంచీలు వేసుకోండి. నా క్యాలెండర్ కాగితం మీద మొదటి బెంచీ: సేబన్, బ్రయంట్, రాబిన్సన్. రెండో బెంచీ: స్నైడర్, ఆస్బోర్న్, రాక్నీ. స్నైడర్‌ను మొదటి బెంచీకి ఎక్కించాలని చెయ్యి లాగింది కానీ, నా రూలు నాకూ వర్తిస్తుంది, టైటిళ్లకు నేనే 25 మార్కులు రాసుకున్నా, సున్నాను ఏం చేసినా సున్నానే.

కనుమ రోజు రాత్రి ఆ కాగితాన్ని మిద్దె మెట్ల దగ్గర మేకుకు తగిలించి, కాఫీ తెద్దామని కిందికి పోయా. వచ్చేసరికి మొదటి బెంచీలో రాబిన్సన్ పక్కన ఇరుకులో ఇంకో పేరు చేరింది, ఆస్బోర్న్ అని, నీలం సిరాతో. ఇద్దరూ ఆకాశంలోకి చూస్తున్నారు. చేతిరాత నాకు తెలియనిదా, రెండేళ్లు వాడి పేపర్లు దిద్దినవాణ్ణి. ఇంతవరకూ కొట్టేయలేదు.